దాతల సొమ్ము ఊరి సంఘం దాకా రావాలంటే...

కుటుంబ ధర్మసంస్థలు గ్రాంట్లు ఇచ్చే తీరుపై విశ్లేషణ

(మా గ్రామీణ విలేఖరి)

భీమవరం: దేశంలోని పెద్ద వ్యాపార కుటుంబాలు నెలకొల్పిన ధర్మసంస్థలు చదువు, ఉపాధి, యువజన సంక్షేమం పేరిట ఏటా కోట్లాది రూపాయలు గ్రాంటుగా ఇస్తున్నాయి. ఆ డబ్బు నగరాల్లో కార్యాలయాలు, జీతగాళ్ళు ఉన్న స్వచ్ఛంద సంస్థల వరకు వస్తోంది. అక్కడినుంచి మన పల్లెల్లోని యువజన సంఘాల గడప తొక్కడం మాత్రం బహు అరుదు. వినాయక చవితి పందిరి దగ్గర్నుంచి సంక్రాంతి కబడ్డీ పోటీల వరకు, వరదలొస్తే పులిహోర పొట్లాలు పంచడం దగ్గర్నుంచి రక్తదాన శిబిరాల వరకు భుజాన వేసుకునే ఈ సంఘాలకు ఆ సొమ్ము ఎందుకు అందడం లేదన్న ప్రశ్న ఊళ్ళలో చాలా కాలంగా వినిపిస్తోంది.

పలుకుబడి లేదు కాబట్టి రావడం లేదని కొందరు, పట్నం వాళ్ళే తినేస్తున్నారని మరికొందరు అనుకుంటున్నారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని గ్రాంటు ఇచ్చే పద్ధతిని మొదటినుంచి చివరిదాకా చూస్తే అసలు కారణం వేరే ఉందని తెలుస్తుంది. ధర్మసంస్థ చూసేది ముందుగా కాగితాన్ని, తర్వాతే పనిని. మన సంఘాలకు పని ఉంది, కాగితం లేదు. పట్నంలో కొన్ని సంస్థలకు కాగితం పుష్కలంగా ఉంది. తేడా అంతా అక్కడే వస్తోంది.

ఏమిటీ కుటుంబ సంస్థలు?

సంపాదించినవారు కొంత ఆస్తిని ధర్మానికి విడిచిపెట్టడం మనకు కొత్త సంగతి కాదు. సత్రాలు, చెరువులు, బడులు అలా వచ్చినవే. బర్మాలో వ్యాపారం చేసి గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాసిపెట్టగా, ఆయన పేరిట కాకినాడలో విద్యాసంస్థలు వెలిసిన సంగతి గోదావరి జిల్లాల వారికి తెలిసిందే.

జంషెడ్‌జీ టాటా 1892లోనే మన యువకులు పై చదువులకు విదేశాలు వెళ్ళడానికి తోడ్పడే నిధి ఒకటి ఏర్పరచారు. ఆయన కుమారుల పేరిట సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో, సర్ దోరాబ్జీ టాటా ట్రస్టు 1932లో ఏర్పడ్డాయి. టాటా కంపెనీలన్నింటికీ తల్లి వంటి టాటా సన్స్ వాటాల్లో దాదాపు మూడింట రెండు వంతులు నేటికీ ఈ కుటుంబ ట్రస్టుల చేతిలోనే ఉన్నాయి. విప్రో అధినేత అజీం ప్రేమ్‌జీ 2019 మార్చిలో ఆ కంపెనీలో 34 శాతం వాటాల మీద వచ్చే రాబడిని తన ఫౌండేషన్‌కు కేటాయించారు. ఆనాటి ధర ప్రకారం ఆ వాటాల విలువ 52,750 కోట్ల రూపాయలు.

ఇంత పెద్ద మొత్తాలు వినగానే అంత డబ్బూ పంచేస్తారని అనుకోరాదు. ఒక రైతు పదెకరాల కొబ్బరితోటను ధర్మానికి రాస్తే తోటను నరికి పంచరు. ఏటా కాయల మీద వచ్చే రాబడితోనే ధర్మం జరుగుతుంది. ఇదీ అంతే. మూలధనం కదలదు. దానిమీద వచ్చే లాభం, వడ్డీ మాత్రమే ఖర్చుకు వస్తాయి. అందులోనూ కొంత భాగం సంస్థ సొంతంగా నడిపే బడులకు, కళాశాలలకు పోతుంది. మిగిలిన దానినే ఇతర సంస్థలకు గ్రాంటుగా ఇస్తారు. ఎవరినీ వేలుపెట్టనివ్వకుండా అన్ని పనులూ తామే చేసుకునే సంస్థలున్నాయి. పని జోలికి పోకుండా డబ్బు మాత్రమే ఇచ్చే సంస్థలున్నాయి. రెండూ చేసేవీ ఉన్నాయి. ఏది ఏ రకమో తెలుసుకోకుండా అర్జీ పెడితే తపాలా ఖర్చు దండగ.

మూడు రకాల సొమ్ము

ఊళ్ళో అందరూ 'ఫౌండేషన్ డబ్బు' అని ఒకే మాటలో అంటున్నారు కాని, అందులో మూడు రకాలున్నాయి. వాటికి వర్తించే కట్టుబాట్లు వేరు వేరు.

మొదటిది కుటుంబ ధర్మసంస్థ సొమ్ము. ఇది ఆ కుటుంబం తన ఇష్టపూర్వకంగా ఇచ్చేది. ఏ రంగానికి ఇవ్వాలి, ఏ రాష్ట్రానికి ఇవ్వాలి అన్నది వారి నిర్ణయమే. ఫలానా జిల్లాకు ఎందుకు ఇవ్వలేదని నిలదీసే హక్కు ఎవరికీ లేదు.

రెండవది కంపెనీల సొమ్ము. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర ఆస్తి 500 కోట్లు గాని, ఏడాది వ్యాపారం 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని దాటిన కంపెనీ, తన గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. కంపెనీ పనిచేసే ప్రాంతానికి, చుట్టుపక్కల ఊళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. రొయ్యల ఎగుమతులు, మేత మిల్లులు, ఇతర పరిశ్రమలు ఉన్న మన జిల్లాకు ఈ మాట ముఖ్యమైనది. ఈ పరిమితి దాటిన ఏ కంపెనీకైనా ఇది వర్తిస్తుంది. ఆమోదించిన పనుల జాబితాను కంపెనీ తన వెబ్‌సైటులో బయటపెట్టాలన్న నిబంధన కూడా ఉంది. ఊళ్ళో చదువుకున్న కుర్రవాడు సెల్‌ఫోనులో పావుగంట వెతికితే దొరికే సమాచారమిది. కంపెనీ ఒకే కుటుంబానిది అయినప్పుడు ఈ 2 శాతం సొమ్మును కూడా కుటుంబం పేరున్న ఫౌండేషన్ ద్వారానే ఖర్చు చేయడం పరిపాటి. అందువల్ల పేరు చూసి మొదటి రకమా, రెండవ రకమా అన్నది తేల్చడం కష్టం.

మూడవది విదేశీ సొమ్ము. దానికి ప్రత్యేక చట్టం ఉంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

నిర్ణయం ఎలా జరుగుతుంది?

గ్రాంటు వ్యవహారం సంస్థకొక తీరుగా ఉన్నా, మొత్తం మీద నడక ఒకటే.

మొదట కుటుంబ సభ్యులు, వారు నియమించిన ధర్మకర్తలు కూర్చుని రాబోయే మూడు నాలుగేళ్ళలో ఏ రంగాలకు సాయం చేయాలో నిర్ణయిస్తారు. యువతకు అనుకుంటే ఏ యువతకు అన్నది కూడా అక్కడే తేలుతుంది. బడి మానేసిన పిల్లలకా, పెళ్ళి ఒత్తిడిలో ఉన్న ఆడపిల్లలకా, ఉద్యోగం లేని పట్టభద్రులకా, ఆటగాళ్ళకా అన్నది వారి ఎంపిక. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ళ వారిని యువతగా లెక్కించింది. ధర్మసంస్థలు మాత్రం తమ లెక్క తాము పెట్టుకుంటాయి.

తర్వాత సంస్థల ఎంపిక. ఇందులో రెండు పద్ధతులున్నాయి. దరఖాస్తులు కోరుతూ బహిరంగంగా ప్రకటించడం ఒకటి. తాము పిలిచినవారి నుంచే దరఖాస్తులు తీసుకోవడం రెండవది. రెండవ పద్ధతి పాటించే సంస్థలు తక్కువేమీ కావు. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు అర్జీ పంపితే అక్కడ తెరిచి చూసేవారు ఉండరు. ఎవరిని పిలవాలన్నది సంస్థలో పనిచేసే ఉద్యోగుల పరిచయాలను బట్టి, ఇదివరకు గ్రాంటు పొందినవారి సిఫారసును బట్టి ఉంటుంది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో జరిగే సదస్సుల్లో కనిపించేవారికి పిలుపు వస్తుంది. ఆకివీడు, మొగల్తూరు మండలాల మారుమూల ఊళ్ళలో పనిచేసేవారు ఆ కళ్ళకు కనబడరు.

పిలుపు వచ్చాక రెండు పేజీల వివరణ అడుగుతారు. అది నచ్చితే పూర్తి దరఖాస్తు, ఖర్చుల అంచనా అడుగుతారు. సమస్య ఏమిటి, ఎంతమందికి మేలు జరుగుతుంది, ఏడాది చివర ఏ మార్పు చూపిస్తారు, ఆ మార్పును ఎలా కొలుస్తారు అన్నవి ప్రధాన ప్రశ్నలు. ఇదంతా సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. తర్వాత రిజిస్ట్రేషను పత్రం, పాన్ కార్డు, మూడేళ్ళ ఆడిటు లెక్కలు, కార్యవర్గ సభ్యుల జాబితా, వారిలో ఒకరికొకరు బంధువులెవరైనా ఉన్నారా అన్న వివరం పరిశీలిస్తారు. పిల్లలతో పనిచేసే సంస్థ అయితే వారి భద్రతకు ఏం నియమాలు పెట్టుకున్నారో కూడా చూస్తారు. ఆ తర్వాత ఒకరిద్దరు ఉద్యోగులు వచ్చి పని స్వయంగా చూసి వెళతారు.

చివరి మాట ధర్మకర్తలది. వారు ఏడాదిలో కొద్దిసార్లు మాత్రమే సమావేశమవుతారు. ఒక సమావేశానికి కాగితం అందకపోతే మరి కొన్ని నెలలు ఆగవలసిందే. మంజూరయితే ఒప్పందం రాసుకుంటారు. డబ్బు ఒకేసారి రాదు, విడతల వారీగా వస్తుంది. మొదటి విడతకు లెక్క చూపితేనే రెండవ విడత. ఇళ్ళ పథకంలో పునాది, గోడ, శ్లాబు దశలవారీగా బిల్లు ఇచ్చినట్టే ఇది కూడా.

ఇందులో తప్పుపట్టవలసింది పెద్దగా లేదు. పరాయి సొమ్ము ఇచ్చేవాడు లెక్క అడగడం న్యాయమే. అయితే ఈ ప్రతి మెట్టూ చదువు, ఇంగ్లీషు, పరిచయం, తీరిక ఉన్నవారికి అనుకూలంగా కట్టినదన్నది గమనించవలసిన విషయం.

లెక్కకు అందే పని, అందని పని

యువత కోసం ఇచ్చే గ్రాంట్లలో వృత్తి శిక్షణకు మంచి గిరాకీ ఉంది. ఎందుకంటే దానికి లెక్క తేలిక. ఇంతమందికి మూడు నెలలు శిక్షణ ఇచ్చాం, ఇంతమందికి ఉద్యోగం వచ్చింది అని రాస్తే చాలు. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1996లో ఏర్పడి, చదువు మధ్యలో ఆపిన యువతకు ఉపాధి శిక్షణలో తొలినాళ్ళలోనే దారి చూపింది. ఆ తర్వాత అదే బాటలో ఎన్నో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. వాటివల్ల ఉద్యోగాలు పొందినవారు ఉన్నారు. కాదనలేం.

అయితే ఉద్యోగం వచ్చిన కుర్రవాడు ఆరు నెలల తర్వాత అక్కడే ఉన్నాడా, పట్నంలో గది అద్దెకు, తిండికి జీతం చాలక తిరిగి వచ్చి చేపల చెరువు మీద కాపలాకు కుదిరాడా అన్నది రిపోర్టులో కనిపించకపోవచ్చు. ఏ తేదీన ఎంతమంది చేరారన్నది రాసినంత సులువు కాదది.

ఊరి సంఘం చేసే పని ఇంకో రకం. పదో తరగతి తప్పిన పిల్లవాడిని కూర్చోబెట్టి మళ్ళీ పరీక్ష రాయించడం, చదువు మాన్పించి గల్ఫుకు పంపబోతున్న ఆడపిల్ల తల్లిదండ్రులకు నచ్చజెప్పడం, గ్రంథాలయం తలుపు సాయంత్రం పూట తెరిచి ఉంచడం, సంక్రాంతి మూడు రోజులు కుర్రవాళ్ళను పందాల బరి దగ్గరకు పోనివ్వకుండా వాలీబాల్ పోటీ పెట్టడం. వీటికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కాని ఏడాది చివర కాగితం మీద పెట్టడానికి అంకె దొరకదు. అంకె లేని పనికి గ్రాంటు దొరకదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. శిబిరాలకు, పుస్తకాలకు, కుట్టుమిషన్లకు డబ్బిచ్చే దాతలు జీతాలకు, అద్దెకు, కరెంటు బిల్లుకు, లెక్కలు రాసే గుమాస్తాకు ఇవ్వడానికి వెనకాడతారు. కంపెనీల సొమ్ము విషయంలో 2021 నిబంధనలు పెట్టిన 5 శాతం పరిమితి కంపెనీ సొంత పాలనా ఖర్చులకు మాత్రమేనని, ఊళ్ళో పనిచేసే సంస్థ ఖర్చులకు కాదని కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది వివరణ ఇచ్చింది. దున్నడానికి ఎద్దునిచ్చి గడ్డికి ఇవ్వనంటే వ్యవసాయం ఎంతకాలం సాగుతుంది? గుమాస్తా లేకపోతే లెక్క ఉండదు. లెక్క లేకపోతే మరుసటి ఏడాది గ్రాంటు ఉండదు.

కాగితం దగ్గరే ఆగుతున్నాయి

మన రాష్ట్రంలో సంఘాల నమోదు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం జరుగుతుంది. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. అంతవరకు అందరికీ తెలుసు. 1972లో మొదలైన నెహ్రూ యువక కేంద్రాల ప్రోత్సాహంతోనూ, ఆ తర్వాత అభిమాన సంఘాలుగానూ ఊరూరా ఎన్నో సంఘాలు పుట్టాయి. కొన్ని రిజిస్టరు కూడా అయ్యాయి. అయితే పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాక దాని సంగతి మరిచిపోయిన సంఘాలే ఎక్కువ. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలని చట్టం చెబుతోంది. పదేళ్ళ కిందటి కార్యదర్శి పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో స్థిరపడినా కాగితాల్లో ఇంకా ఆయనే కార్యదర్శి. బ్యాంకు ఖాతా కొన్నిచోట్ల సంఘం పేరున లేదు, అధ్యక్షుడి పేరునే ఉంది. చందా పుస్తకం ఉంటుంది గాని ఖర్చు పుస్తకం ఉండదు.

రిజిస్ట్రేషను ఒక్కటే చాలదు. ఆదాయపు పన్ను శాఖ వద్ద ధర్మసంస్థగా గుర్తింపు పొందాలి. ఇన్నాళ్ళూ 12ఏ, 80జీ అన్న పేర్లతో వాడుకలో ఉన్నవి ఇవే. మొదటిది ఉంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు దొరుకుతుంది. రెండవది ఉంటే చందా ఇచ్చినవారికి తమ పన్నులో కొంత రాయితీ వస్తుంది. కొత్త సంస్థలకు మొదట మూడేళ్ళకు తాత్కాలిక గుర్తింపు ఇస్తారు. కంపెనీల 2 శాతం సొమ్ము తీసుకోవాలంటే వీటితోపాటు 2021 ఏప్రిల్ 1 నుంచి సి.ఎస్.ఆర్.-1 అనే ఫారం నింపి నమోదు చేయించుకోవాలి. ఆ రంగంలో మూడేళ్ళ అనుభవం కూడా చూపించాలి. కుటుంబ ధర్మసంస్థలకు చట్టం ఇంత కట్టుబాటు పెట్టకపోయినా అవి కూడా దాదాపు ఇవే కాగితాలు అడుగుతున్నాయి.

ఇదంతా ఒక మోస్తరు ఆడిటరు సాయంతో అయ్యే పనే. కాని వినాయక చవితి చందాలతో నడిచే సంఘానికి ఆడిటరు ఫీజు కూడా భారమే. డబ్బు రావాలంటే కాగితం కావాలి, కాగితం కావాలంటే డబ్బు కావాలి అన్నచోట బండి ఆగిపోతోంది.

అమెరికా అబ్బాయి పంపితే?

మన ప్రాంతం నుంచి అమెరికా తదితర దేశాలకు వెళ్ళినవారు సొంత ఊరి కోసం కొంత పంపాలనుకోవడం సహజం. కొందరు అక్కడ కుటుంబం పేరిట చిన్న ఫౌండేషన్లు కూడా పెట్టారు. ఇక్కడ సంఘాలు బాగా జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఒకటి ఉంది.

ఇతర దేశంలో ఉంటున్నా భారత పౌరుడిగానే ఉన్న వ్యక్తి తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బును విదేశీ విరాళంగా లెక్కించరు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకున్న తర్వాత పంపితే అది విదేశీ విరాళమే. పుట్టిన ఊరు ఇదే కదా, మన పెదనాన్నగారి అబ్బాయే కదా అంటే చట్టం ఒప్పుకోదు. అక్కడ రిజిస్టరైన ఫౌండేషన్ పంపినా అంతే. విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా ఖాతాలో వేయించుకోవడం నేరం. పూర్తి స్థాయి నమోదుకు సంస్థ మూడేళ్ళుగా పనిచేస్తూ, ఆ మూడేళ్ళలో 15 లక్షల రూపాయలు అసలు పనుల మీద ఖర్చు చేసి ఉండాలని 2020 నిబంధనలు చెప్పాయి. గ్రామ సంఘానికి అది అందని ద్రాక్ష.

2020 సెప్టెంబరులో ఈ చట్టానికి చేసిన సవరణ మరో దారి కూడా మూసింది. అంతకుముందు పెద్ద స్వచ్ఛంద సంస్థ విదేశీ గ్రాంటు తెచ్చి, అందులో కొంత భాగాన్ని, అనుమతి ఉన్న చిన్న సంస్థలకు పంచే వీలుండేది. సవరణ తర్వాత అలా ఒకరు మరొకరికి బదలాయించడం నిషిద్ధమైంది. దుర్వినియోగాన్ని అరికట్టడానికే ఈ చర్య అని ప్రభుత్వం చెప్పింది. పెద్దవారి నీడన పనిచేసే చిన్న సంస్థలకు ఆసరా పోయిందని స్వచ్ఛంద సంస్థలు అన్నాయి. ఎవరి వాదన ఏదైనా, పై కాలువ కట్టేస్తే శివారు చేను ఎండడం మన రైతులకు తెలియని విషయం కాదు.

ఒక్క దాతనే నమ్ముకుంటే...

గ్రాంటు రావడం ఒక ఎత్తు, అది ఆగితే ఏమిటన్నది మరో ఎత్తు. ఇందుకు ఎక్కడికో పోనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్ అధినేత బైర్రాజు రామలింగరాజు కుటుంబం 2001లో తండ్రిగారి పేరిట బైర్రాజు ఫౌండేషన్ నెలకొల్పింది. గోదావరి జిల్లాల పల్లెల్లో ఆరోగ్యం, చదువు, మంచినీరు, యువతకు వృత్తి నైపుణ్యాల వంటి పనులు చేపట్టింది. ఊరి చదువుకున్న పిల్లలకు ఊళ్ళోనే కంప్యూటరు ఉద్యోగాలు ఇప్పించే ప్రయత్నం కూడా చేసింది. అప్పట్లో అది ఎందరికో ఆశ కలిగించింది.

2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం జరిగిందని రామలింగరాజు స్వయంగా లేఖ రాయడంతో అంతా తలకిందులైంది. కుటుంబ సంపద కుప్పకూలడంతో ఫౌండేషన్ పనులూ కుంచించుకుపోయాయి. అదే కుటుంబం చొరవతో 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సు సేవ మాత్రం ఆగలేదు. అప్పటికే అది ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడుస్తూ ఉండడమే అందుకు కారణం. నిర్వహణ 2009లో జి.వి.కె. చేతికి మారింది గాని, పిలిస్తే బండి వస్తూనే ఉంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం స్పష్టం. ప్రజల సొమ్ము, ప్రభుత్వ బాధ్యత తోడైన పని నిలిచింది. ఒక కుటుంబం దయ మీద ఆధారపడిన పని ఆ కుటుంబంతోపాటే కిందకు జారింది. ఆ ఊళ్ళలో యువకుల తప్పేమీ లేదు. ధర్మసంస్థ ఇచ్చే గ్రాంటు మొక్కకు పోసే నీరు కావాలి గాని, మొక్కకు వేరు అదే కాకూడదు.

దళారులతో జాగ్రత్త

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఫలానా ఫౌండేషన్ నుంచి మీ సంఘానికి లక్షల్లో గ్రాంటు మంజూరు చేయిస్తాం, ముందు ఫైలు ఖర్చులకు కొంత కట్టండి అని ఎవరైనా వస్తే నమ్మరాదు. గ్రాంటు ఇచ్చే సంస్థ గ్రాంటు కోసం డబ్బు అడగదు. వచ్చిన సొమ్ములో సగం తిరిగి నగదుగా ఇవ్వాలని, బిల్లులు తామే సర్దుతామని చెప్పేవారి మాట వింటే అసలుకే మోసం. సంతకం పెట్టిన కార్యదర్శే రేపు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. సంఘం రిజిస్ట్రేషను పత్రం, పాన్ కార్డు నకళ్ళు ఎవరు పడితే వారికి ఇవ్వడం కూడా క్షేమం కాదు. ఒకరి పేరున మరొకరు గ్రాంటు తెచ్చుకునే ప్రమాదం ఉంటుంది.

చేయవలసిందేమిటి?

మొదటి పని సంఘాలది. గ్రాంటు సంగతి తర్వాత, ముందు మూడేళ్ళు లెక్క రాయాలి. వినాయక చవితి చందా అయినా సరే, వచ్చింది ఎంత, పోయింది ఎంత అన్నది పుస్తకంలో ఎక్కించి, రశీదులు దాచి, ఊరి వాళ్ళ ముందు చదివి వినిపించాలి. సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఇద్దరి సంతకాల మీద నడపాలి. సమావేశపు తీర్మానాలు రాసుకోవాలి. కార్యవర్గంలో అన్నదమ్ములు, బావమరుదులే కాకుండా ఆడపిల్లలకు, అన్ని పేటల వారికి చోటివ్వాలి. ఏ పేట వారినీ రానివ్వని సంఘాన్ని ఊరి సంఘం అని ఎవరూ అనరు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

ఒక్కొక్క సంఘానికి ఆడిటరు భారమనుకుంటే నాలుగైదు ఊళ్ళ సంఘాలు కలిసి మండల స్థాయిలో ఒకే సంస్థగా నమోదు చేయించుకోవచ్చు. ఒక ఆడిటరు, ఒక గుమాస్తా, ఒక ఖాతా సరిపోతాయి. పాలకేంద్రాలు, నీటి సంఘాలు నడిపిన అనుభవం మన పల్లెలకు ఉంది. ఇది అంతకంటే కష్టమైనదేమీ కాదు. పేరున్న స్వచ్ఛంద సంస్థతో కలిసి చిన్న పని ఒకటి చేసి చూపడం కూడా మంచి మార్గమే. పని చూసినవారే మరొకరికి చెబుతారు.

రెండవ పని దాతలది. యువతకు సాయం చేయాలన్న సంకల్పం ఉన్నప్పుడు దరఖాస్తు తెలుగులో తీసుకోవడానికి అభ్యంతరం ఏమిటి? లక్ష, రెండు లక్షల చిన్న గ్రాంట్లకు పెద్ద గ్రాంట్లకు అడిగినన్ని కాగితాలు అవసరమా? ఏడాదికి ఒక్కసారి జిల్లా కేంద్రంలో సమావేశం పెట్టి ఊరి సంఘాలను పిలిస్తే వారి ఖజానాకు వచ్చే నష్టమేమీ లేదు. ఎవరికి ఎంత ఇచ్చారన్నది బయటపెట్టడం ఇంకా ముఖ్యం. అమెరికాలో కుటుంబ ఫౌండేషన్లు ఏటా ఏ సంస్థకు ఎంత గ్రాంటు ఇచ్చాయో పన్ను శాఖకు సమర్పించే పత్రంలో జాబితా రాయాలి. ఆ పత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో కుటుంబ ట్రస్టులు శాఖకు ఇచ్చే లెక్కలు ప్రజలు చూడడానికి దొరకవు. కొన్ని పెద్ద సంస్థలు స్వయంగా వార్షిక నివేదికలు ప్రచురిస్తున్నాయి. మిగిలినవారూ ఆ దారిలోకి వస్తే సగం అనుమానాలు వాటంతట అవే తొలగిపోతాయి. పన్ను మినహాయింపు పొందుతున్న సొమ్ము మీద ప్రజలకు కూడా కొంత హక్కు ఉందన్నది మరవరాదు.

మూడవ పని అధికారులది. రిజిస్ట్రేషను కార్యాలయాల్లో ఏ కాగితం ఎప్పుడు దాఖలు చేయాలో తెలుగులో బోర్డు పెట్టించడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. యువజన సంక్షేమ శాఖ, జిల్లా రిజిస్ట్రారు కలిసి ఏడాదికి ఒకసారి మండలానికొక శిబిరం పెట్టి పాత సంఘాల కార్యవర్గాలను సరిచేయిస్తే ఎన్నో సంఘాలు మళ్ళీ లేచి నిలబడతాయి. జిల్లాలో 2 శాతం ఖర్చు చేయవలసిన కంపెనీలు ఏవి, అవి ఏ పనులకు ఖర్చు పెడుతున్నాయి అన్న వివరాలను కలెక్టరు కార్యాలయం ఒకచోట చేర్చి పంచాయతీలకు పంపితే మరీ మంచిది.

పల్లెల్లో కుర్రవాళ్ళు పాడైపోతున్నారని అరుగుల మీద కూర్చుని బాధపడేవారు ఎందరో ఉన్నారు. వాళ్ళ కోసం సాయంత్రం రెండు గంటలు కేటాయించి లైబ్రరీ తాళం తీసేవారు ఊరికి ఒకరిద్దరే ఉన్నారు. ఆ ఒకరిద్దరి చేతికి దాతల సొమ్ములో కొంతైనా చేరే ఏర్పాటు జరగాలి. అందుకు మొదటి మెట్టు పది రూపాయల నోటు పుస్తకం. ఈ ఏడాది పండుగ చందాల లెక్కతోనే దాన్ని మొదలుపెడితే మూడేళ్ళకు చేతిలో చూపించడానికి కాగితం ఉంటుంది. ఆ మాత్రం శ్రద్ధ చూపే సంఘాలకు అండగా నిలవవలసిన బాధ్యత దాతల మీద, అధికారుల మీద ఉంది.